ముప్పై ఏడో లాటు

మడికొండ దాటినంక ఎడమ చెయ్యికి
వరి కోసిన మడుల నడుమ రేకుల యార్డు.
డీలర్ కార్డు చూపిచ్చి డిపాజిట్టు కడితేనే గేటు తీస్తరు.
కొనుక్కొని తిరిగెటోనికి ఈడ చోటు లేదు,
కొని అమ్మెటోనికే.

పొద్దుగాల ఏడు. అద్దాల మీద మంచు ఆరలే.
నడిపి చూసుడు ఉండదు.
ఇంజను ఒక్కపారి లేపుతరు, ఆపుతరు,
ఆ అర నిమిషంలనే
దాని ఆయుష్షు లెక్కగట్టాలె.

రజాక్ మిస్త్రీ పుల్ల గుంజి
ఆయిల్ బొటనవేలికి రుద్ది వాసన చూస్తడు,
అన్నం ఉడికిందా అని మెతుకు పట్టినట్టు.
నేను సీటు బెల్టు ఆఖరు దాకా గుంజుత.
కొసకు బురద మరక ఉంటే
ఆ బండి ఏదో వానల మునిగినట్టే.
కార్పెట్ మారుస్తరు, పాలిష్ కొడుతరు,
బెల్టు కొసను మాత్రం ఎవ్వడూ కడుగడు.

మా అమ్మ ఎనుమాముల మార్కెట్ల తాలు ఏరేది.
నేను మొదలు చూసింది మిర్చి పాట.
బస్తా మూతి ఇప్పి, పిడికెడు తీసి,
ఇరిచి, ఇసిరేసి, ధర చెప్పెటోళ్లు.
రైతు బస్తా పక్కనే నిలబడెటోడు.
వాని మొఖం చూసి ఎవరన్న యాభై పెంచెటోళ్లు,
పెంచకపోయెటోళ్లు గూడ,
కని మొఖం చూడక తప్పకపోయేది.
ఈ పాటల కారు పోగొట్టుకున్నోడు ఉండడు.
ఫైనాన్సోళ్ల ఫైలుల వాని సంతకం ఉంటది,
అంతే.

ముప్పై ఏడో లాటు. తెల్ల డిజైరు.
రజాక్ బానెట్ లేపకముందే నేను ఆగిపోయిన.
ఎడమ దిక్కు ఎనక డోరు కింద
వేలుతో కొడితే రేకు మోగలే.
పుట్టీ.
నా పుట్టీ.
మూడేండ్ల కింద హంటర్ రోడ్డు షెడ్డుల
దగ్గరుండి పెట్టిచ్చిన.
మీటర్ల లక్షా నలభై వేలను అరవై రెండు చేయిచ్చి
పరకాల ఓదెలుకు అమ్మిన.
"ఇంజన్ ఎట్లున్నదన్నా?" అంటే
"నా ఇంటి బండి అనుకో" అన్న.
వాడిచ్చిన నోట్ల నడుమ
కమ్మలు కుదువబెట్టిన చీటీ ఒకటి వచ్చింది.
తిరిగిచ్చిన. అదొక్కటే తిరిగిచ్చిన.

ఇప్పుడు మీటరు చూస్తే నలభై ఎనిమిది వేలు.
అరవై రెండు కాడ ఇడిసింది నేను.
నా ఎనక ఇంకెవని చెయ్యో పడ్డది,
ఓదెలుదో, ఇంకొకనిదో.
రజాక్ నవ్విండు:
"దీని వయసు తగ్గుతున్నది సేటూ,
మనదే పెరుగుతున్నది."
ఎనక సీటు సందుల మేడారం బంగారం ముక్క,
చీమలు పట్టిన బెల్లం.

పాట అంటరు గని దీనికి రాగం ఉండదు.
మైకుల ఒకడు అంకెలు నములుతుంటడు.
చెవి గోక్కున్నా ఐదు వేలే.
మానుకోట నుంచి బానోత్ సుధీర్,
మెడల కొత్త కార్డు, ఇదే మొదటి పాట,
లక్షా తొంభై అన్నడు, రెండు పది అన్నడు,
రెండు ఇరవై అనేటప్పుడు నా దిక్కు చూసి నవ్విండు.
ఒక్క మాట చెప్తే అయిపోవు.
చెప్తే నా షెడ్డు పేరు గూడ చెప్పాలె.

ఒకటోసారి. రెండోసారి.
నా చెయ్యి లేసింది. ఎందుకో నాకే తెల్వదు.
రెండు నలభైకి నా పేరు రాసిండ్రు.
సుధీర్ పగోన్ని చూసినట్టు చూసిండు,
రజాక్ పిచ్చోన్ని చూసినట్టు.

నెల దాటింది. బండి షెడ్డు ముందలనే ఉన్నది.
పుట్టీ గీకిచ్చిన, తుప్పు బయటపడ్డది.
"ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" అంటరు వచ్చినోళ్లు.
"తెల్వదు" అంట.
తెల్వదన్న బండిని ఎవడు కొంటడు.
చాయ్ తాగి పోతరు.

చీమలు మాత్రం రోజూ వస్తున్నయ్,
ఎనక డోరు కింది బొక్కల నుంచి.